హాస్టల్ వైఫై రాత్రయితే ఎందుకు నడవదు? తాళం ముందు, కొలత తర్వాత!

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి, వాటి వెంటే హాస్టళ్లు. హాస్టల్ నడిపేవాళ్ల కంప్లైంట్ ఒకటే: "100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం, అయినా రాత్రయితే నెట్ నడవట్లేదు." అదే టైమ్‌లో ఒక ఫైనల్ ఇయర్ అబ్బాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనుకోండి. మధ్యలో వీడియో ఆగిపోతే పోయేది అతని ఉద్యోగం.

అసలు ఏం జరుగుతుందో చూద్దాం. 40 మంది ఉంటే తలా రెండున్నర ఎంబీపీఎస్ వస్తుందనుకుంటాం. కానీ వైఫై అలా లెక్కేసి పంచదు. ఒకరు 60 జీబీ గేమ్ డౌన్‌లోడ్ పెట్టారంటే, లైన్ మొత్తం ఆ ఒక్కరికే ఇచ్చినా గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ మిగతావాళ్లు నలిగిపోవాల్సిందే.

అందుకే స్పీడ్ లిమిట్ పెట్టాలి. కానీ ముందు తాళం. పాస్‌వర్డ్ వీధిలో అందరికీ తెలిస్తే లిమిట్ పెట్టి లాభం లేదు, మనిషికి ఇంత అని బయటివాళ్లకూ పంచినట్టే.

సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేదంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని పిన్‌కి ఎనిమిది అంకెలున్నా, రెండు ముక్కలుగా చెక్ చేస్తుంది కాబట్టి దాదాపు 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. విజిటర్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిల్, నవీ ముంబైలో ఒకరింటి ఓపెన్ వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు వెతుక్కుంటూ వెళ్లింది ఆ ఇంటికే.

ఇప్పుడు కొలత. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్, క్యూఓఎస్, రేట్ లిమిట్, ఇలా మీ బాక్స్‌లో ఏ పేరుతో ఉన్నా ఓపెన్ చేయండి. యాక్సెస్ పాయింట్‌లో లేకపోతే రౌటర్‌లో చూడండి. 100 లైన్‌కి మొత్తం లిమిట్ 90 పెట్టండి. అప్పుడు క్యూ కంపెనీ దగ్గర కాకుండా మీ బాక్స్‌లోనే ఏర్పడుతుంది, ఎవరిని ముందు పంపాలో మీ బాక్సే నిర్ణయిస్తుంది.

తర్వాత ఒక్కో డివైజ్‌కి డౌన్‌లోడ్ 10, అప్‌లోడ్ 3 చాలు. అందరూ ఒకేసారి ఫుల్‌గా వాడరు కాబట్టి రెండున్నర దగ్గర ఆపక్కర్లేదు. అప్‌లోడ్ మర్చిపోకండి, వీడియో కాల్‌లో మన గొంతు వెళ్లేది దాంట్లోనే.

ఒక్క జాగ్రత్త: మ్యాక్ అడ్రస్ రాసుకుని ఫోన్‌కో లిమిట్ పెట్టకండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు అడ్రస్ దాచి వేరేది చూపించగలవు. నెట్‌వర్క్ మొత్తానికి "పర్ క్లయింట్" లిమిట్ పెడితే ఆ గొడవే ఉండదు.

చివరగా, ఒక ఫోన్‌లో పెద్ద డౌన్‌లోడ్ పెట్టి, ఇంకో ఫోన్‌లో వీడియో కాల్ చేసి చూడండి. కాల్ ఆగకుండా నడిచిందా, సెట్టింగ్ పనిచేసినట్టే. ప్లాన్ పెంచాలా వద్దా అన్నది ఆ తర్వాతే ఆలోచించండి.