పక్కన మనిషి లేకుండా ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించడం ఎలా?

ఈ రోజు మాట్లాడుకునేది చూడ్డానికి చిన్న పనే. కానీ తేడా వస్తే వేలు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించడం. కొన్ని ఊళ్ళలో దీన్ని ట్రక్కు అంటారు. నేను ట్రాలీ అనే అంటాను, సరేనా?

మామూలుగా మనం ఎలా చేస్తాం? ఒకరు సీట్లో కూర్చుని రివర్స్ చేస్తారు. ఇంకొకరు ట్రాలీ ముందు నిలబడి "రా... రా... ఇంకొంచెం... ఆగు!" అని అరుస్తూ, చేత్తో డ్రాబార్ ఎత్తి పట్టుకుంటారు. అంటే వెనక్కి వస్తున్న 2 టన్నుల బండికీ ట్రాలీకీ మధ్యలో మనిషి నిలబడ్డాడన్నమాట. డ్రైవర్ కాలు క్లచ్ మీంచి ఒక్కసారి జారితే? వాడు తప్పుకోవడానికి టైమ్ ఉండదు. అందుకే చెప్తున్నా, మనిషి దొరకలేదని బాధపడకండి. పద్ధతి తెలిస్తే ఒక్కరే చేయడమే సేఫ్. ఎందుకంటే మధ్యలో నిలబడేవాడే ఉండడు.

మొదట ట్రాలీని కదలకుండా చేయాలి. పాతిక అడుగుల చదునైన నేల చూసుకోండి. ట్రాలీ చక్రాలకి ముందూ వెనకా రాళ్ళో చెక్క దిమ్మలో పెట్టండి. తర్వాత ఎత్తు చూడండి. డ్రాబార్ చివర ఉన్న రింగు, ట్రాక్టర్ వెనక హుక్కు, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ట్రాలీకి స్క్రూ స్టాండ్ ఉంటే తిప్పి సరిచేయండి. లేకపోతే కింద గట్టి దిమ్మలు పేర్చండి. రెండు చక్రాల ట్రాలీలో లోడ్ ఉంటే ఇంకా జాగ్రత్త. బరువు వెనక ఎక్కువైతే డ్రాబార్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ముందు లోడ్ సర్దుకోండి, తర్వాతే తగిలించండి.

ఇప్పుడు లైన్. చాలామంది అడ్డంగా వచ్చి చివర్లో స్టీరింగ్ తిప్పుతూ తిప్పలు పడతారు. అలా వద్దు. ట్రాలీకి 15 అడుగుల ముందే ట్రాక్టర్‌ని నిటారుగా, ముందు చక్రాలు కూడా స్ట్రెయిట్‌గా ఉండేలా నిలపండి. రింగు పక్కన ఒక కర్ర నిలువుగా కట్టి, పైన ఎర్రగుడ్డ ముక్క చుట్టండి. సీట్లోంచి వెనక్కి చూస్తే రింగు కనిపించకపోయినా గుడ్డ కనిపిస్తుంది. లో గేర్ రివర్స్, తక్కువ యాక్సిలరేటర్. రెండు బ్రేకు పెడల్స్‌కీ మధ్యలో ఉండే లాక్ తప్పకుండా వేసి ఉండాలి. లేకపోతే బ్రేకు ఒక పక్కే పడి ట్రాక్టర్ వంకర తిరుగుతుంది.

ఇంకో మూరెడు దూరం ఉందనగా ఆపేయండి. అసలు ట్రిక్ ఇక్కడే ఉంది. ఇంజిన్ ఆఫ్, పార్కింగ్ బ్రేక్ వేసి, తాళం జేబులో పెట్టుకుని దిగండి. హుక్కు రంధ్రం నుంచి రింగు రంధ్రం దాకా ఎంత దూరం ఉందో ఒక పుల్లతో కొలిచి విరవండి. ఇప్పుడు ఎడమ పక్క ఫుట్‌బోర్డ్ ముందు అంచుకి తిన్నగా, కొంచెం బయటికి, నేల మీద గీత గీయండి. అక్కడి నుంచి ట్రాలీ వైపు ఆ పుల్ల అంత దూరంలో ఒక తెల్లరాయి పెట్టండి. మళ్ళీ ఎక్కి మెల్లగా రివర్స్ చేయండి. ఫుట్‌బోర్డ్ అంచు రాయికి తిన్నగా రాగానే ఆపండి. వెనక ఎవరూ "ఆగు" అని అరవక్కర్లేదు, ఆ రాయే చెప్తుంది.

మళ్ళీ అదే. ఇంజిన్ ఆఫ్, బ్రేక్, గేర్‌లో పెట్టి దిగడం. రంధ్రాలు అర అంగుళం అటూ ఇటూ ఉంటే పక్కన నిలబడి గునపంతో డ్రాబార్‌ని నెట్టండి. రంధ్రం కలిసిందా లేదా అని వేలు పెట్టి మాత్రం చూడకండి. డ్రాబార్ కొంచెం జారినా కత్తెరలో పెట్టినట్టే. ఇంకో అలవాటు ఉంది మనవాళ్ళకి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కింద నిలబడే చేత్తో క్లచ్ నొక్కి బండిని జరపడం. అది ఎప్పుడూ చేయొద్దు. నాలుగుసార్లు ఎక్కి దిగితే పోయేది ఐదు నిమిషాలే.

పిన్ను పైనుంచి కిందికి వేయాలి, చివర లాక్ క్లిప్ పెట్టాలి. పిన్ను పోయిందని పాత బోల్టో ఇనుప కడ్డీనో దూర్చకండి. గతుకుల్లో అది ఎగిరి బయటికొస్తే, లోడ్ ట్రాలీ రోడ్డు మీద ఎటు పోతుందో మీ చేతుల్లో ఉండదు. సేఫ్టీ చైన్ ఉంటే మలుపులో బిగుసుకోకుండా కొంచెం వదులుగా తగిలించండి. ఇంకో ముఖ్యమైన మాట. కింద హుక్కు అందలేదని పైన టాప్ లింక్ దగ్గర ఎప్పుడూ కట్టకండి. వెనక ఇరుసు కన్నా పైనుంచి బరువు లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్ దాని కింద పడతాడు.

చివరగా స్టాండ్ పైకెత్తి, రాళ్ళు అలాగే ఉంచి, లో గేర్‌లో ముందుకి కొద్దిగా లాగి చూడండి. పిన్ను గట్టిగా పట్టుకుందా? అప్పుడు బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, దిగి రాళ్ళు తీయండి. టిప్పర్ ట్రాలీ అయితే హైడ్రాలిక్ పైపు, వెనక లైట్ వైరు పెట్టండి. వెనక రేడియం స్టిక్కర్ల మీద బురద ఉంటే తుడవండి. రాత్రిపూట వెనకొచ్చే బైక్‌వాడికి కనిపించేది అదొక్కటే.

మొత్తం ఒక్క ముక్కలో చెప్పాలంటే, బండి కదిలేటప్పుడు మనిషి సీట్లో ఉండాలి, మనిషి కింద ఉన్నప్పుడు బండి ఆఫ్‌లో ఉండాలి. రేపు మీకు సాయానికి తమ్ముడో పాలేరో దొరికినా సరే, వాణ్ణి మధ్యలో నిలబెట్టకండి. దూరంగా, మీకు కనిపించే చోట నిలబడమనండి. మీ ఇంట్లో ట్రాక్టర్ నడిపే అన్నకో బాబాయికో ఇది ఒకసారి చదివి వినిపించండి.