పన్నెండు మాటల్లో దాగిన సంఖ్య

బిట్‌కాయిన్ వాలెట్‌లో బిట్‌కాయిన్లు ఉండవు. ఎవరి దగ్గరనుంచి ఎవరికి ఎంత వెళ్ళిందన్న పద్దు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో, ఎవరైనా చూడగలిగేలా రాసి ఉంటుంది. వాలెట్ దాచేది ప్రైవేట్ కీ అనే ఒక సంఖ్యను. 256 బిట్ల సంఖ్య అది. మామూలు అంకెల్లో రాస్తే 78 అంకెల దాకా సాగుతుంది. అది తెలిసినవాళ్ళే ఆ సొమ్ము కదిలించగలరు. పోగొట్టుకుంటే మొర పెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు ఉండడు, అంబుడ్స్‌మన్ ఉండడు.

2009లో బిట్‌కాయిన్ మొదలైన రోజుల్లో ఈ సంఖ్యలన్నీ కంప్యూటర్లో ఒక ఫైలుగా ఉండేవి. దాన్ని కాపీ చేసుకుంటే చాలదా అంటే, చాలేది కాదు. చెల్లింపు చేసిన ప్రతిసారీ మిగిలిన చిల్లర కొత్త చిరునామాకు, అంటే కొత్త కీ కిందికి, వెళ్ళేది. తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ ముందుగా వంద కీలు తయారుచేసి ఉంచేది. ఆ వందా వాడేశాక పుట్టిన కీలు పాత కాపీలో ఉండవు కదా! బ్యాకప్ భద్రంగా బీరువాలోనే ఉంటుంది, డబ్బు మాత్రం అందులో లేని కీల కిందికి చేరిపోయి ఉంటుంది. ఇక ఆ ఫైలున్న డిస్కే పోతే చెప్పేదేముంది. బ్రిటన్‌లోని న్యూపోర్ట్ పట్టణవాసి జేమ్స్ హోవెల్స్‌కు చెందిన, సుమారు 8,000 బిట్‌కాయిన్ల కీ ఉన్న హార్డ్‌డిస్క్ 2013లో చెత్తలో పోయింది. డంపింగ్ యార్డు తవ్వుకోనివ్వమని ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 జనవరిలో హైకోర్టు ఆయన దావా కొట్టేసింది.

ఈ తలనొప్పికి మందు రెండు మూడు చోట్ల విడివిడిగా తయారైంది. 2011లో థామస్ ఫోగ్ట్లిన్ ఎలక్ట్రమ్ అనే వాలెట్ విడుదల చేశాడు. అందులో మూల సంఖ్యను పన్నెండు ఇంగ్లీషు మాటలుగా రాసిచ్చే ఏర్పాటు ఉంది. అప్పట్లో మాటల జాబితాలో ఉన్నవి 1626. ఆధునిక కవిత్వంలో తరచుగా వచ్చే పదాల పట్టికనుంచి వాటిని ఏరారు! మరుసటి ఏడాది పీటర్ వూలా ఒకే మూలంనుంచి లెక్కలేనన్ని కీలను వరసగా పుట్టించే పద్ధతికి ప్రమాణం రాశాడు. మూలం ఒక్కటి దాచుకుంటే రేపు పుట్టబోయే కీలు కూడా అందులో ఉన్నట్టే. 2013లో ప్రేగ్ నగరంలో ట్రెజర్ అనే జేబు పరికరం తయారుచేస్తున్న మారెక్ పలాటినస్, పావోల్ రుస్నాక్ మరో ఇద్దరితో కలిసి ఈ రెండు ఆలోచనలకూ ముడివేసి బిప్ 39 అనే ప్రమాణం రాశారు. ఇప్పుడు అందరూ సీడ్ ఫ్రేజ్ అంటున్నది దాదాపుగా దీన్నే.

సంఖ్యను మాటలో దాచడం మనకు కొత్త కాదు. కటపయాది తెలిసినవారికి ధీరశంకరాభరణం అనగానే 29వ మేళకర్త అని తడుతుంది. ధీ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29. బిప్ 39 చేసే పనీ ఇదే, కాకపోతే చివర ఒక తనిఖీ కూడా పెట్టుకుంది.

జాబితాలో 2048 మాటలుంటాయి, ఒక్కొక్కటీ 11 బిట్లకు గుర్తు. పన్నెండు మాటలకు 132 బిట్లు. వీటిలో 128 యాదృచ్ఛికంగా పుట్టినవి, మిగిలిన 4 వాటినుంచి లెక్కగట్టిన తనిఖీ బిట్లు. కళ్ళారా చూడాలంటే 128 బిట్లూ సున్నాలే అనుకోండి. జాబితాలో మొదటి మాట ‘అబాండన్’, దాని విలువ సున్నా. కనుక పదకొండు సార్లు అబాండన్ వస్తుంది. పన్నెండోది కూడా అదే అనుకుంటే పొరపాటే. ఆ సున్నాలను షా-256 అనే గణితపు మరలో వేస్తే వచ్చే ఫలితంలో మొదటి నాలుగు బిట్ల విలువ 3. అందుకని చివరి మాట ‘అబౌట్’ అవుతుంది. పన్నెండుసార్లూ అబాండన్ అని కొడితే వాలెట్ ‘చెల్లదు’ అంటుంది. (జాబితాలో ‘సతోషి’ కూడా ఒక మాట. బిట్‌కాయిన్ సృష్టికర్తకు దండం పెట్టుకున్నారన్నమాట.)

ఇంత జాగ్రత్తపడినా కాగితంమీది మాటలు పనిచేయని రోజు వస్తుంది. అప్పుడు వాలెట్ ఏం చెబుతోందో ముందు గమనించాలి. ‘చెల్లదు’ అంటే చాలాసార్లు రాతలో తప్పు. ప్రతి మాటకూ మొదటి నాలుగు అక్షరాలు వేరుగా ఉండేలా జాబితా కూర్చారు గానీ, చేతిరాతలో ‘వాక్’కీ ‘వాల్’కీ, ‘హ్యాండ్’కీ ‘హార్డ్’కీ తేడా ఒక గీతే. ఇలాంటి చోట గణితం దయగానే ఉంటుంది. పన్నెండులో ఒక మాట చెరిగిపోయి, దాని స్థానం తెలిస్తే, ప్రయత్నించాల్సినవి 2048. తనిఖీ బిట్లు పదహారింట పదిహేనింటిని కొట్టేస్తాయి గనక మిగిలేవి సుమారు 128. రెండు మాటలు పోతే సుమారు 2,62,144. మీ పాత చిరునామా ఒక్కటి చేతిలో ఉంటే, సరిపోల్చి చూసే పని మామూలు కంప్యూటరే చేస్తుంది. మూడు పోతే 53 కోట్ల పైచిలుకు. నాలుగు పోతే లక్ష కోట్లు దాటుతుంది. మాటలన్నీ ఉండి వరస తప్పితే 47,90,01,600 అమరికలు, అదీ సాధ్యమే. అదే 24 మాటల వరస పూర్తిగా చెదిరితే అమరికల లెక్క 24 అంకెల సంఖ్య. అక్కడ ఆశ వదులుకోవాల్సిందే.

ఎక్కువమందిని బెంబేలెత్తించేది రెండో రకం. మాటలు చెల్లుతాయి, వాలెట్ తెరుచుకుంటుంది, నిల్వ సున్నా. దొంగతనం జరిగిందని గుండె జారిపోతుంది. కానీ ఒకే మూలంనుంచి కీలు పుట్టించే దారులు చాలా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ తప్పుదారిలో వెతుకుతూ ఉండవచ్చు. ఇక్కడ పాత రసీదు పనికొస్తుంది. చిరునామా 1తో మొదలైతే సాధారణంగా 44వ నంబరు దారి, 3 అయితే 49, ‘బీసీ1క్యూ’ అయితే 84. ఇంకొకటి, వరసగా ఇరవై చిరునామాలు ఖాళీగా కనిపిస్తే చాలా వాలెట్లు వెతకడం ఆపేస్తాయి. ఇరవై ఒకటో దానిలో సొమ్ముంటే దానికి కనబడదు. ఎలక్ట్రమ్ ఇప్పటి మాటలదైతే వేరే పద్ధతి. చూడటానికి అచ్చం బిప్ 39 లాగే ఉంటాయి, ఇంకో వాలెట్‌లో కొడితే సాధారణంగా చెల్లవు. ఏ పద్ధతో, ఏ దారో మాటల్లోనే తెలియాలని ఫోగ్ట్లిన్ వాదించాడు. ఆ మాటలో ఆయనదే న్యాయమని నాకనిపిస్తుంది.

మాటలకు తోడు కొందరు ఒక రహస్యపదం కూడా పెట్టుకుంటారు. మాటలూ ఆ పదమూ కలిపి 2048 సార్లు మరాడిస్తేనే మూలం వస్తుంది. ఈ పదానికి మాత్రం తనిఖీ లేదు. ఒక పెద్దక్షరం చిన్నదైనా, చివర ఖాళీ పడినా తప్పని చెప్పదు, నోరెత్తకుండా కొత్త ఖాళీ వాలెట్ తెరుస్తుంది. బలవంతంగా లాక్కునేవాడిని ఏమార్చడానికి ఇది బాగుంటుంది గానీ, మరచిపోయిన సొంతదారుణ్ణీ అంతే ఏమారుస్తుంది.

కాగితమే పోతే? అమెరికన్ పాత్రికేయుడు మార్క్ ఫ్రాయెన్‌ఫెల్డర్ 2016లో సుమారు 3,000 డాలర్లకు 7.4 బిట్‌కాయిన్లు కొని ట్రెజర్ పరికరంలో పెట్టి, 24 మాటలనూ పిన్‌నూ నారింజరంగు కాగితంమీద రాసుకున్నాడు. ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చినవాళ్ళు దాన్ని చెత్తనుకుని పారేశారు. పిన్ గుర్తులేదు. ట్రెజర్ తప్పు పిన్ కొట్టిన ప్రతిసారీ నిరీక్షణ కాలాన్ని రెట్టింపు చేస్తూ పోయింది. చివరికి బ్రిటన్‌లోని పదిహేనేళ్ళ సలీం రషీద్ వాడుకోగలిగిన ఒక లోపం ఆదుకుంది. పరికరాన్ని ఒక పద్ధతిలో మళ్ళీ ప్రారంభిస్తే మెమరీ చెరిగిపోయేది కాదు, పిన్నూ మాటలూ అందులోనే ఉండేవి. 2017 ఆగస్టులో కంపెనీ ఆ లోపాన్ని పూడ్చింది. అంటే ఆయనను కాపాడింది పరికరం బలహీనతే.

మాటలు పుట్టేటప్పుడే లోపముంటే సంగతి ఇంకోలా ఉంటుంది. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉపకరణం కనీసం 128 బిట్ల యాదృచ్ఛికత ఇవ్వాల్సినచోట 32 బిట్లే వాడినట్టు 2023లో తేలింది. ఉన్నవి 429 కోట్ల అవకాశాలే. దొంగలు వరసగా అన్నీ లెక్కగట్టి ఖాళీ చేసుకుపోయారు. ఆ సొంతదారుల మాటలు ఒక్క అక్షరం తప్పు లేకుండా పనిచేశాయి, దొంగలకు కూడా.

కనుక ఈ మాటలు పెట్టుకున్నవారికి చెప్పేది ఇంతే. సొమ్ము వేయకముందే వాలెట్ చెరిపేసి కాగితంనుంచి ఒకసారి తిరిగి తెరిచి చూడండి, అదే చిరునామా వస్తేనే నమ్మండి. వాలెట్ పేరు, దారి నంబరు, ఒక చిరునామా మాటల కాగితానికి దూరంగా వేరేచోట రాసిపెట్టుకోండి. నిల్వ సున్నా చూపిస్తే, సొమ్ము తిరిగి తెప్పిస్తామంటూ వచ్చే ఫోన్లకూ మెసేజిలకూ జవాబివ్వకండి. మీ మాటలు అడిగినవాడు ఎవడైనా సరే, వాడు దొంగే.