డిగ్రీ ఆగేది ఎక్కడ? బోధన్, నిజామాబాద్ విద్యార్థులు లెక్క చూసుకోవాల్సిన ‘కామన్ పేపర్లు’

బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సులో ఒక డిగ్రీ విద్యార్థినిని ‘ఏం చదువుతున్నావమ్మా’ అని అడగండి. ‘బీఏ. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్’ అంటుంది. ఇంగ్లిష్, తెలుగు, పర్యావరణం, కంప్యూటర్ కూడా చదువుతున్నానని చెప్పదు. అవి కామన్ పేపర్లు. గ్రూపు సబ్జెక్టులే అసలు చదువు, మిగిలినవి గట్టెక్కితే చాలు అన్న మాట మన కాలేజీల్లో పాతుకుపోయింది.

పట్టా ఇచ్చే లెక్క మాత్రం అలా లేదు. ఆ లెక్కలో ఐదింట రెండు వంతులు ఈ కామన్ పేపర్లవే. ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కిన దళిత విద్యార్థికి డిగ్రీ చేజారే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ వీటి దగ్గరే. అందుకే ఈ లెక్క ఏమిటో, అది ఎక్కడ అడ్డుపడుతుందో, దాని మీద మనం ఏం అడగాలో ఇక్కడ వివరిస్తున్నాం.

150లో 60

తెలంగాణలో డిగ్రీ చదువు 2016-17లో సీబీసీఎస్ పద్ధతిలోకి మారింది. దోస్త్ ద్వారా ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలైందీ ఆ ఏడాదే. నిజామాబాద్ జిల్లా డిగ్రీ కాలేజీలు 2006లో ఏర్పడిన, డిచ్‌పల్లిలో ఉన్న తెలంగాణ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. 1956లో మొదలైన గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల కూడా ఈ విశ్వవిద్యాలయానికి అనుబంధమే. కాకపోతే దానికి స్వయంప్రతిపత్తి ఉంది కాబట్టి సిలబస్ తన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తయారు చేసుకుంటుంది.

క్రెడిట్ అంటే స్థూలంగా సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట పాఠం. 2019-20 నుంచి అమలైన రాష్ట్ర చట్రంలో సెమిస్టర్‌కు 25 చొప్పున ఆరు సెమిస్టర్లకు 150 క్రెడిట్లు. అవి ఇలా పంచారు:

ఇంగ్లిష్: 20
రెండో భాష: 20
పర్యావరణం, కంప్యూటర్ వంటి తప్పనిసరి పేపర్లు: 4
నైపుణ్య పేపర్లు: 8
వేరే శాఖ నుంచి తీసుకునే జనరిక్ ఎలక్టివ్: 4
ప్రాజెక్టు లేదా దానికి బదులు పేపర్: 4
మూడు గ్రూపు సబ్జెక్టులు: 90

గ్రూపు సబ్జెక్టుల 90 తీసేస్తే మిగిలేవి 60. అంటే డిగ్రీలో నూటికి నలభై వంతులు గ్రూపుకు బయటివి. భాషలే 40 క్రెడిట్లు. ఏ ఒక్క గ్రూపు సబ్జెక్టుకైనా ఉన్నవి 30 మాత్రమే. ఈ చట్రాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. కాబట్టి ఏ విద్యార్థి అయినా తాను చేరిన సంవత్సరపు సిలబస్ తీసి ఈ కూడిక మళ్లీ వేసుకోవాలి.

146 వచ్చినా పట్టా రాదు

ఒక ఉదాహరణ అనుకుందాం. బోధన్ దగ్గరి ఊరు. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి కూలికి పోతాడు. అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో గ్రూపు సబ్జెక్టులన్నీ మంచి మార్కులతో పాసైంది. మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్ ఒక్కటి మిగిలిపోయింది. ఆ పేపర్‌కు 4 క్రెడిట్లు. ఆమె చేతిలో 146 ఉన్నాయి. పట్టా మాత్రం లేదు. 2022 గ్రూప్-4 నోటిఫికేషన్‌లో జూనియర్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీ అడిగారు. 146 క్రెడిట్లకు అక్కడ విలువ లేదు. ఆ దరఖాస్తు దగ్గర ఆమె ఇంటర్ పాసైన మనిషే.

బోధన్ ప్రాంతంలో ఈ నాలుగు క్రెడిట్ల బరువు ఇంకా ఎక్కువ. 1937లో నిజాం కాలంలో పుట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. నిజాంసాగర్ నీళ్లు, సొంత చెరకు క్షేత్రాలు, కార్మికుల క్వార్టర్లు, వాటి చుట్టూ ఒక పట్నం. పెద్ద చదువు లేని వాళ్లకూ అక్కడ సీజను పనో, షాపులో చేతిపనో దొరికే దారి ఉండేది. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ దారి మూసుకున్నాక ఈ ఇళ్ల పిల్లలకు మిగిలినవి మూడు: కూలి, గల్ఫ్, డిగ్రీ. మూడోదాన్ని ఒక కామన్ పేపర్ ఆపేస్తే మొదటి రెండే మిగులుతాయి.

ఇంగ్లిష్ ఎందుకు మిగిలిపోతుంది? తెలివి తక్కువై కాదు. రకరకాల గ్రూపుల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టి, అందరికీ ఇంటర్ స్థాయి ఇంగ్లిష్ వచ్చేసిందన్నట్టు పాఠం మొదలవుతుంది. జనవరి నుంచి జిల్లాలో పసుపు తవ్వకం, ఉడకబెట్టడం సాగుతాయి. ఆ నెలల్లో ఇంటికి కూలి డబ్బు అవసరం. అప్పుడే రెండో, నాలుగో, ఆరో సెమిస్టర్ క్లాసులు. రోజు పనికి పోవాల్సి వస్తే విద్యార్థి మొదట వదులుకునేది ‘ఎలాగో చదువుకోవచ్చు’ అనిపించే కామన్ క్లాసునే. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. పోయిన క్లాసులు పరీక్షలో ఒకసారి, స్కాలర్‌షిప్‌లో ఒకసారి దెబ్బ కొడతాయి.

రెండో భాష కథ

రెండో భాషకు ఇంగ్లిష్‌తో సమానంగా 20 క్రెడిట్లు ఉన్నాయి. కాగితం మీద అది విద్యార్థి ఎంపిక. ఆచరణలో కాలేజీలో ఏ భాష లెక్చరర్ ఉంటే అదే ఎంపిక. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే వీధిలో వినిపించే బోధన్‌లో ఇది చిన్న విషయం కాదు. మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకునే అలవాటు ఇంటర్ నుంచే నడుస్తోంది.

రెండో భాష ఎంపికకు మన చరిత్రలో ఒక గాయం ఉంది. ముంబై ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ రోజుల్లో అంబేడ్కర్ సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరాని కులం వాడని చదవనివ్వలేదు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం ఆ తరువాత సొంతంగా నేర్చుకున్నారు. ఏ భాష ఎవరు చదవాలన్నది అప్పుడు కులం నిర్ణయించింది. ఇప్పుడు టైంటేబుల్, ఖాళీ పోస్టులు నిర్ణయిస్తున్నాయి. వేరే కారణమే, ఒప్పుకుంటాం. కానీ ఎంపిక విద్యార్థి చేతిలో లేకపోవడం మాత్రం మారలేదు.

రెండేళ్లకే దిగిపోయే దారి

2022 డిసెంబరులో యూజీసీ జాతీయ విద్యావిధానానికి అనుగుణంగా కొత్త డిగ్రీ చట్రం విడుదల చేసింది. అందులో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్లదానికి 160 క్రెడిట్లు. ఇది తెలంగాణ 150 క్రెడిట్ల లెక్కకు వేరు, రెండింటినీ కలిపి చదవొద్దు. ఇందులో 40 క్రెడిట్లతో ఏడాదికే దిగిపోతే సర్టిఫికెట్, 80 క్రెడిట్లతో రెండేళ్లకు దిగిపోతే డిప్లొమా ఇస్తారు. దానికి వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు అదనం. దిగిపోయినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో ముగించాలి.

దీన్ని అమెరికాలోని రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో పోలుస్తుంటారు. పోలిక సగమే నిజం. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో అసోసియేట్ డిగ్రీ సుమారు 60 క్రెడిట్లది. యూనివర్సిటీకి పోవాలనుకునే వాళ్లకు అందులో సగానికి పైగా జనరల్ ఎడ్యుకేషనే: రాయడం, గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, సమాజం. ఆ రెండేళ్లను విడిగా ఒక చదువుగా అల్లారు. ఆ క్రెడిట్లు తీసుకుని నాలుగేళ్ల యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరే ఒప్పందాలు రాష్ట్రాల స్థాయిలో ఉన్నాయి.

మన డిప్లొమా అలా అల్లింది కాదు. మూడేళ్ల చదువును మధ్యలో కోసి ఇచ్చిన ముక్క. అది పట్టుకుని ఏ ఉద్యోగానికి అర్హుడన్నది నోటిఫికేషన్లలో స్పష్టంగా లేకపోతే ఆ కాగితం గోడకు తగిలించుకోవడానికే. ఇంటి అవసరానికి మొదట దిగిపోయేది ఎవరో మనకు తెలుసు. ఇంతకాలం దాన్ని డ్రాపవుట్ అన్నారు. అప్పుడు కనీసం ప్రభుత్వాన్ని ‘ఎందుకు ఆగిపోయారు’ అని అడిగే వీలుండేది. ఇకమీదట ‘ఎగ్జిట్ ఎంచుకున్నారు’ అంటే ఆ ప్రశ్నే ఉండదు. మా భయం ఇదే.

తప్పనిసరి చేసేది ఎవరు?

కామన్ పేపర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో అడిగితే వచ్చాయి. డిగ్రీలో పర్యావరణం పేపర్ వెనుక ఎం.సి. మెహతా వేసిన కేసు, 1991 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ఉన్నాయి. ఒక పిటిషన్ దేశంలోని ప్రతి డిగ్రీ విద్యార్థి పుస్తకాల సంచిలోకి ఒక పాఠాన్ని తెచ్చింది.

విద్యార్థుల పోరాటంతో వచ్చినవీ ఉన్నాయి. 1968-69లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి, ఆసియా, లాటినో, ఆదివాసీ విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేశారు. తమ ప్రజల చరిత్ర పాఠం కావాలన్నారు. దాని ఫలితంగా ఎత్నిక్ స్టడీస్ కాలేజీ ఏర్పడింది. 2020లో కాలిఫోర్నియా చట్టం చేసి, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ కావాలంటే 3 యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ తప్పనిసరి అంది. అదే యూనివర్సిటీ 2022 జనవరిలో కులాన్ని వివక్ష నిషేధ విధానంలో చేర్చింది. దాని కోసం పనిచేసిన వాళ్లలో దళిత విద్యార్థులున్నారు. మూడు యూనిట్లకు యాభై ఏళ్లు పట్టింది. కానీ ఆ మూడు యూనిట్లు చదవకుండా ఇప్పుడు అక్కడ ఎవరూ పట్టా తీసుకోలేరు.

కుల నిర్మూలనను, రాజ్యాంగాన్ని, తెలంగాణ దళిత ఉద్యమాన్ని మన దగ్గర ఎక్కువగా పొలిటికల్ సైన్స్, హిస్టరీ తీసుకున్నవాళ్లే చదువుతారు. బీకాం, బీఎస్సీ పిల్లలకు అవి తగలవు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే హైదరాబాద్‌లో దళిత పిల్లలకు బడులు నడిపిన భాగ్యరెడ్డి వర్మ పేరు వినకుండానే నిజామాబాద్‌లో డిగ్రీ పూర్తవుతుంది. కులం తన సబ్జెక్టు కాదనుకుని చదువు ముగించిన వాళ్లే రేపు బ్యాంకులో, ఆఫీసులో, ల్యాబులో మన పక్కన కూర్చుంటారు.

విస్తృతంగా చదవడం దండగ అనేవాళ్లకు అంబేడ్కర్ కొలంబియా రోజులే జవాబు. ఎకనామిక్స్ కోసం పోయిన మనిషి అక్కడ ఆర్థికశాస్త్రంలో 29 కోర్సులతో పాటు చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4 తీసుకున్నారు. కులం మీద ఆయన తొలి పరిశోధనా పత్రం 1916లో చదివింది మానవశాస్త్ర సెమినార్‌లో. తన గ్రూపు సబ్జెక్టులో కాదు.

మనం ఏం అడగాలి

విద్యార్థి సంఘాలు ఫీజుల కోసం, హాస్టళ్ల కోసం పోరాడుతున్నాయి. పోరాడాలి కూడా. దాంతోపాటు ఈ 60 క్రెడిట్లనూ ఎజెండాలో చేర్చాలని మా సూచన.

ఒకటి, మొదటి ఏడాదిలో తెలుగు, ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ బ్రిడ్జి క్లాసులు, అదీ టైంటేబుల్‌లోనే. సాయంత్రం ఆరింటికి పెడితే ఊరి బస్సు దొరకదు.

రెండు, జనరిక్ ఎలక్టివ్ నిజమైన ఎంపికగా ఉండాలి. ఒకే పేపర్ పెట్టి అందరినీ అందులో కూర్చోబెట్టడం ఎంపిక కాదు. కులం, రాజ్యాంగం, సామాజిక న్యాయం మీద ఒక పేపర్ ప్రతి గ్రూపుకూ అందుబాటులోకి రావాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో దీన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందే పెట్టొచ్చు. మిగతా చోట్ల విశ్వవిద్యాలయాన్ని అడగాలి.

మూడు, ఉన్న పర్యావరణం పేపర్‌లోనే మన నేల పాఠం కావాలి: మంజీర నీళ్లు ఎవరి పొలానికి పారాయి, ఎవరికి పారలేదు, మురుగు కాలువలోకి ఇంకా ఎవరిని దింపుతున్నారు. దానికి కొత్త క్రెడిట్ అక్కర్లేదు.

నాలుగు, ఏ కామన్ పేపర్‌లో ఎందరు మిగిలిపోతున్నారో కులాల వారీగా, మీడియం వారీగా లెక్క బయటపెట్టాలి. ప్రభుత్వ కాలేజీలకు, విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. పది రూపాయల పని.

ఇక విద్యార్థులకు ఒక మాట. మీ మార్కుల మెమోలన్నీ ముందేసుకుని క్రెడిట్లు కూడండి. మిగిలిపోయిన పేపర్ ఉంటే ఆఖరి సెమిస్టర్ దాకా ఆగొద్దు, వచ్చే సప్లిమెంటరీకే ఫీజు కట్టండి. హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని ఒకరి లెక్క ఒకరు చూసుకోండి. 146 దగ్గర ఆగిన ఒక్క అక్కను, ఒక్క తమ్ముణ్ని ఈ ఏడాది 150 దాటించినా, ఆ ఇంట్లో మొదటి పట్టా అదే కావచ్చు.