ఇంగ్లండు పల్లెదారులలో

ఒక దేశమును చూచుటకు రైలుకంటె కారు మేలు. రైలు ఊరినుండి ఊరికి చేర్చును. కారు ఆ నడుమనున్న పల్లెను, పొలమును, వాగును గూడ చూపును. ఇంగ్లండు చిన్న దేశము. తల్లిదండ్రులును పిల్లలును కారులో లండను నుండి నైరుతిగా బయలుదేరినచో, రెండుమూడు దినములలో అయిదువేల యేండ్ల చరిత్రను కన్నులార చూడవచ్చును. మనమును ఆ దారినే పోయి చూతము.

అక్కడను మనదేశమందువలె వాహనములు ఎడమప్రక్కనే నడచును. దూరములను మాత్రము మైళ్లలోనే లెక్కింతురు. పెద్ద రహదారిని విడిచినంతనే దారి యిరుకగును. ఇరుప్రక్కల పొదలను పెంచి, కొమ్మలను వంచి అల్లిన పచ్చని కంచెలు. వాని వెనుక గొఱ్ఱెలు మేయు పచ్చిక మెట్టలు. ఎదురుగా మరియొక కారు వచ్చినచో ఎవరో ఒకరు వెనుకకు పోయి దారి యీయవలసినదే.

మొదటి మజిలీ సాలిస్‌బరీ పట్టణము. అచ్చటి క్రైస్తవ మహాదేవాలయమునకు 1220 లో పునాది వేసిరి. తరువాతి శతాబ్దమున దానిపై 404 అడుగుల ఎత్తునకు శిఖరమును లేపిరి. బ్రిటనులో ఇంతకంటె ఎత్తయిన దేవాలయ శిఖరము లేదు. ఆ బరువునకు లోపలి స్తంభములు కొంచెము వంగినవి. తలయెత్తి చూచినవారికి ఆ వంపు కనబడును. అయినను శిఖరము ఏడువందల యేండ్లుగా నిలిచియే యున్నది. రాజును చట్టమునకు లోబడవలెనని చాటిన 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులలో నాలుగు మాత్రమే మిగిలినవి. వానిలో ఒకటి ఇచ్చట భద్రముగా నున్నది.

అక్కడికి ఉత్తరమున కొద్ది మైళ్లలో, విశాలమైన మైదానమున, స్టోన్‌హెంజ్ శిలావలయము కనబడును. ఇనుప పనిముట్లు లేని కాలమున, సుమారు 4,500 యేండ్ల క్రిందట, జనులు ఈ మహాశిలలను నిలిపి, వానిపై అడ్డురాళ్లను పేర్చిరి. చిన్నరాళ్లను సుమారు 150 మైళ్ల దూరముననున్న వేల్సు కొండలనుండి తెచ్చిరి. ఇట్టి స్థలము ఒక వ్యక్తి ఆస్తిగా 1915 లో వేలమునకు వచ్చెను! సెసిల్ చబ్ అను న్యాయవాది దానిని 6,600 పౌనులకు కొని, 1918 లో జాతికి దానమొసగెను.

దానితో చిక్కులు తీరలేదు. రాళ్ల ప్రక్కనుండి పోవు ఒక దారిని 2013 లో మూసివేసి పచ్చిక పెంచిరి. వేరొక పెద్ద రహదారి మాత్రము సమీపముననే పోవుచున్నది. సెలవుదినములలో దానిపై కార్లు బారులు తీరును. దానిని సొరంగములోనికి మరల్చవలెనని ప్రభుత్వము తలపెట్టెను. త్రవ్వకముచే భూమిలోని పురాతన చిహ్నములు నశించునని పలువురు చరిత్రకారులు అభ్యంతరము తెలిపిరి. వ్యయము భారమగుటచే ప్రభుత్వము 2024 లో ఆ ప్రయత్నమును విరమించెను. సౌకర్యమునకును పురాతన సంపదకును నడుమ ఈ పెనుగులాట నేటిది మాత్రమే కాదు. ఇంకను ఉత్తరముననున్న ఏవ్‌బరీ గ్రామము ఇందుకు సాక్షి.

ఏవ్‌బరీ శిలావలయము మిక్కిలి పెద్దది. ఊరిలో కొంతభాగము దాని లోపలనే యున్నది. పూర్వము గ్రామస్థులకు ఈ రాళ్లు ఇండ్లు కట్టుటకు పనికివచ్చు సరకుగా తోచెను. రాతిక్రింద గొయ్యి త్రవ్వి, నిప్పుపెట్టి, కాగిన రాతిపై చన్నీరు పోసి, సమ్మెటలతో బ్రద్దలు కొట్టిరి. 1930 తరువాతి సంవత్సరములలో అలెగ్జాండర్ కీలర్ అను ధనవంతుడు మట్టిలో పూడిపోయిన రాళ్లను వెలికితీయించి, వాని చోటులలోనే మరల నిలిపించెను. నశించిన రాళ్ల చోట చిన్న గుర్తు స్తంభములను నాటించెను.

కడపటి మజిలీ బాత్ నగరము. అచ్చట 46 డిగ్రీల వేడిగల నీరు దినమునకు పదునొకండు లక్షల లీటర్లకు పైగా భూమినుండి ఉబికివచ్చును. దాదాపు రెండువేల యేండ్ల క్రిందట రోమనులు దానిచుట్టు స్నానశాలలు నిర్మించిరి. వారి కాలువ ఇప్పటికిని ఆ నీటిని ఏవన్ నదికి చేర్చుచున్నది. 1942 లో శత్రువుల బాంబులు ఈ నగరముపై పడినవి. 1771 నాటి సభామందిరము కాలిపోయెను. నగరవాసులు దానిని వదలివేయలేదు. 1963 నాటికి అది తిరిగి పూర్వరూపమును పొందెను.

ఇక లండనునకు మరలుదము. అచ్చటి బ్రిటిషు మ్యూజియములో మనకు చిరపరిచితమైన పేరొకటి కనబడును. అది అమరావతి. కృష్ణాతీరమున మహాస్తూపమును అలంకరించిన శిల్పఫలకములనేకము అక్కడ నున్నవి. 18వ శతాబ్దపు చివర ఆ స్తూపపు రాళ్లను మనవారు కట్టడములకు వాడుకొనిరి. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. తరువాత ఆంగ్లేయులు త్రవ్వించి, మిగిలినవానిలో కొన్నిటిని చెన్నపట్టణమునకును, కొన్నిటిని లండనునకును తరలించిరి.

ఏవ్‌బరీలో జరిగినదియు అమరావతిలో జరిగినదియు ఒక్కటే. కాని ఏవ్‌బరీలో మిగిలిన రాళ్లు తమ చోటనే నిలిచియున్నవి. మన శిల్పములను చూచుటకు మనము సముద్రములు దాటవలసివచ్చినది. మన ఊరి పాతగుడి ప్రాకారమునుండి ఒక రాయి జారిపడినప్పుడు, దానిని ఇంటిమెట్టుగా వేసికొందుమా, తిరిగి దాని చోటనే నిలుపుదుమా? ఆ నిర్ణయము మన చేతిలోనిదే.