ఉన్నత ఆంగ్ల తరగతి – ఇంటివారి బాధ్యత
ఉన్నత ఆంగ్ల తరగతిలో విద్యార్థినుండి ఏమి కోరుదురో యొక ఉదాహరణము తెలుపగలదు. అమెరికా ఉన్నత పాఠశాలలలో కళాశాల స్థాయి పాఠములు చెప్పు ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ తరగతులను కాలేజ్ బోర్డు 1955 నుండి నిర్వహించుచున్నది. అందలి ఆంగ్లసాహిత్య పరీక్ష మూడు గంటలు. రెండు గంటలు మూడు వ్యాసములకే. నూటికి 55 పాళ్ళు వానివే. కథాసారము చెప్పిన చాలదు. రచయిత యొక మాట నేల వాడెనో మూలము చూపి నిరూపింపవలెను.

కావున ఇట్టి తరగతిలో పాఠమును ముందే చదివి వచ్చుట, గడువునకు వ్యాసమిచ్చుట, ఒరుల రచనను తనదిగా చూపకుండుట ముఖ్య నియమములు. ఎరువు తెచ్చిన వాక్యములు పరీక్షాశాలలో అక్కరకు రావు గదా!

తలిదండ్రులారా! పిల్లల వ్యాసములను మనము వ్రాసి యీయరాదు. చదివినదానిని గూర్చి ఇంట తెలుగుననే ‘ఏల?’ యని యడుగవలెను. కారణము చెప్ప నేర్చిన బిడ్డ ఆంగ్లవ్యాసమును సగము వ్రాసినట్లే.