గొట్టాల పరీక్షకు నత్రజని ఎంత కావాలి?

శీతలీకరణ కేంద్రంలో గొట్టాలు మార్చిన తరువాత, అమ్మోనియా నింపకముందే పొడి నత్రజనితో పీడన పరీక్ష జరపాలి. నత్రజని చాలక పరీక్ష మధ్యలో ఆగితే, ఆ పూట సంఘాలు పంపిన పాలు విరిగిపోయే ప్రమాదముంది. కనుక ముందే లెక్క వేసుకోవాలి.

లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న గొట్టంలో మీటరుకు సుమారు 2 లీటర్లు పడతాయి. 170 మీటర్లకు 340 లీటర్లు. రిసీవరు వంటి పాత్రలుంటే వాటి ఘనపరిమాణాన్నీ కలపాలి. మీ యంత్రానికి నిర్ణయించిన పరీక్ష పీడనం చదరపు సెంటీమీటరుకు 20 కిలోలనుకుందాం. 340ని 20తో హెచ్చిస్తే 6,800 లీటర్ల వాయువు కావాలి.

47 లీటర్ల సిలిండరు 150 కిలోల పీడనంతో నిండి ఉంటే అందులో సుమారు 7,050 లీటర్లుంటాయి. ఒక్కటి చాలుననిపిస్తుంది. కాని సిలిండరులోనూ గొట్టంలోనూ పీడనం 20 వద్ద సమానం కాగానే ప్రవాహం ఆగిపోతుంది. అంటే వాడకానికి వచ్చేది 47ను 130తో హెచ్చించగా వచ్చే 6,110 లీటర్లే. కాబట్టి రెండు సిలిండర్లు తెప్పించుకోవాలి.

రెగ్యులేటరు బిగించకుండా సిలిండరు తెరవరాదు. నత్రజని దొరకలేదని ఆక్సిజన్ ఎన్నడూ వాడరాదు. గొట్టాలలోని నూనెకు అది తగిలితే పేలుడు సంభవించి ప్రాణాలే పోవచ్చు.