ఆటోమేటిక్ గేర్ మొరాయిస్తోందా? డబ్బు పెట్టే ముందు ఫోన్‌తో చెక్ చేయండి

నా సెకండ్ హ్యాండ్ ఏఎంటీ కారు పొద్దున్నే స్టార్ట్ చేస్తే గేర్ పడటం మానేసింది. గ్యారేజీలో "గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి" అన్నారు. ఆ ఎస్టిమేట్ నా రెండు నెలల జీతం! అందుకే ముందు ఒక ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్ కొన్నా. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి పెట్టి యాప్ ఓపెన్ చేస్తే పీ0700 కోడ్ వచ్చింది.

ఈ కోడ్ చూసి కంగారు పడొద్దు. ట్రాన్స్‌మిషన్ కంట్రోలర్‌లో ఏదో ఫాల్ట్ నమోదైందని మాత్రమే దీని అర్థం. అసలు కారణం తెలియాలంటే ఆ కంట్రోలర్‌ని చదవగల స్కానర్ కావాలి. చవక స్కానర్లు చాలావరకు అక్కడిదాకా వెళ్లవు. అలాంటి స్కానర్ ఉన్న మరో మెకానిక్ దగ్గర చూపిస్తే లో వోల్టేజ్ అని తేలింది.

ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్, గేర్ల పని మాత్రం కరెంటుతో నడిచే యాక్చుయేటర్లు చూసుకుంటాయి. ఇంజిన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, నాది 11.8 చూపించింది. బ్యాటరీ మార్చి, క్లచ్ రీకాలిబ్రేట్ చేయించా. గేర్లు మళ్లీ పడుతున్నాయి.

అందరికీ ఇంత తేలిగ్గా పోదు. కాలిన వాసన వస్తున్నా, గేర్ స్లిప్ అవుతున్నా కోడ్ డిలీట్ చేసి నడపొద్దు. ఐఫోన్ ఉంటే వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ స్కానరే తీసుకోండి.